కత్తిరింపా, కుట్టా: మోకాలిలో మెనిస్కస్ చిరిగాక

2024 జూన్ 3న పారిస్‌లో ఫ్రెంచ్ ఓపెన్ నాలుగో రౌండ్ ఆడుతుండగా నొవాక్ జొకోవిచ్ కుడి మోకాలు దెబ్బతింది. నాలుగున్నర గంటలు దాటిన ఆ ఐదు సెట్ల మ్యాచ్‌ని ఎలాగో గెలిచాడు గానీ, మర్నాడు తీసిన ఎమ్మారైలో లోపలి వైపు మెనిస్కస్, అంటే రెండెముకల మధ్య ఉండే మెత్త, చిరిగిందని తేలింది. 5వ తేదీన ఆపరేషన్. జులై 2 కల్లా మోకాలికి పట్టీ తొడుక్కుని వింబుల్డన్ కోర్టులో ఉన్నాడు. జులై 14న ఫైనల్ ఆడి ఓడాడు. ఆగస్టు 4న ఒలింపిక్ స్వర్ణం గెలిచాడు. చూసినవాళ్ళం చాలామందిమి ఒకటే అనుకున్నాం: ఎంత గొప్ప ఆపరేషనో!

ఇంకో కథ చూడండి. అమెరికాలో చికాగో బుల్స్ జట్టుకు బాస్కెట్‌బాల్ ఆడే డెరిక్ రోజ్‌కి 2013 నవంబర్ 22న కుడి మోకాలిలో సరిగ్గా అదే మెనిస్కస్ చిరిగింది. మూడు రోజులకు ఆపరేషన్ చేశారు. ఆ సీజన్‌లో అతను మళ్ళీ ఆడలేదు. 2015 ఫిబ్రవరిలో అదే మోకాలు, అదే మెనిస్కస్, మళ్ళీ చిరుగు. మళ్ళీ ఆపరేషన్. ఈసారి నలభై రోజులకే ఆటలోకి వచ్చేశాడు.

మనిషి ఒక్కడే, మోకాలు ఒక్కటే. మరి ఒకసారి నెలలు, ఇంకోసారి రోజులు ఎందుకు పట్టింది? మొదటిసారి కుట్టారు, రెండోసారి కత్తిరించారు. కుట్టిన చిరుగు అతుక్కోవాలి, దానికి నెలలు పడుతుంది, ఒక్కోసారి అతుక్కోదు కూడా. కత్తిరించిన చోట అతుక్కోవాల్సింది ఏమీ మిగలదు కాబట్టి వాపు తగ్గితే చాలు, లేచి పరిగెత్తొచ్చు. జొకోవిచ్‌లా నాలుగు వారాలకు పచ్చిక మీద జారుతూ ఆడటం కుట్లు పడిన మోకాలితో అయ్యే పని కాదు.

ఆపరేషన్ ఎంత గొప్పదో మనం కొలిచేది ఎన్ని రోజుల్లో నడిచాడన్న దాంతో. "ఫలానా వాళ్ళబ్బాయి వారంలో బండి నడిపేశాడట" అని చెప్పుకుంటాం. మెనిస్కస్ విషయంలో ఈ కొలత తలకిందులు. వారంలో బండి నడిపాడంటే, చాలాసార్లు, లోపల కొంత తీసేశారని అర్థం. తీయడం తప్పని కాదు. కొన్ని చిరుగులకు అదొక్కటే దారి. కానీ ఏది చేస్తున్నారో, ఎందుకు చేస్తున్నారో తెలియకుండానే చాలామంది థియేటర్‌లోకి వెళ్ళిపోతారు.

రెండు వస్తువులు, ఒకటే పేరు

మోకాలి నొప్పితో ఆసుపత్రికి ఎవరు వెళ్ళొచ్చినా ఇంట్లో వినిపించే మాట "గుజ్జు అరిగిపోయిందంట". ఈ గుజ్జు అనే మాట మీద మనం చాలా బరువు వేశాం. ఎముకల చివర్ల మీద ఉండే నున్నటి పూత గుజ్జే, రెండెముకల మధ్య ఉండే మెత్త గుజ్జే, కీలులోని జిగట నీరు కూడా గుజ్జే. పాఠ్యపుస్తకం మాట మృదులాస్థి. అదీ ఈ చిక్కు విప్పదు. కార్టిలేజ్ అన్నా అంతే.

మొదటిది పూత. కోడి కాలు తినేటప్పుడు ఎముక చివర నున్నగా, తెల్లగా, నీలి ఛాయతో మెరుస్తూ కనిపిస్తుందే, అది. మన మోకాలిలో 2 నుంచి 4 మిల్లీమీటర్ల మందం ఉంటుంది. దీనికి రక్తనాళాలు లేవు, నరాలు లేవు. కీలు నీటిలోంచి పోషకాలు పీల్చుకుని బతుకుతుంది. నడిచినప్పుడల్లా స్పాంజిలా నొక్కుకుని మళ్ళీ ఉబ్బుతూ ఆ నీటిని లోపలికి తీసుకుంటుంది. కదలకుండా కూర్చుంటే మోకాలికి విశ్రాంతి అనుకుంటాం గానీ, ఈ పూతకు అది పస్తు.

రెండోది మెనిస్కస్. నెలవంక ఆకారంలో ప్రతి మోకాలిలో రెండుంటాయి, లోపలి వైపు ఒకటి, బయటి వైపు ఒకటి. బయటి అంచు దళసరిగా, లోపలి అంచు కత్తివాదరంత పలచగా ఉంటుంది. పూత అరుగుతుంది, పెచ్చు ఊడుతుంది. మెనిస్కస్ చిరుగుతుంది. "కార్టిలేజ్ చిరిగింది" అని డాక్టరు అంటే నూటికి తొంభైసార్లు ఈ రెండోదే. పూత సంగతి చివర్లో చెప్తాను. దాని మరమ్మతు వేరే లోకం.

చుట్టకుదురు, బండి చక్రం

తొడ ఎముక కింది చివర గుండ్రంగా ఉంటుంది. దాని కింద కాలి ఎముక పైభాగం దాదాపు చదును. గుండ్రటి అడుగున్న కుండని చదును నేల మీద పెడితే ఒక్కచోటే ఆనుతుంది, దొర్లుతుంది. అందుకే మనవాళ్ళు కింద చుట్టకుదురు పెట్టేవారు. మెనిస్కస్ చేసే పని అచ్చం అదే. కుండ చుట్టూ చేరి, ఒక్క చుక్క మీద పడే బరువును చుట్టూ పంచుతుంది. మోకాలు చాచి నిలబడినప్పుడు కీలు మీది బరువులో దాదాపు సగం, 90 డిగ్రీలు ముడిస్తే 85 శాతం దాకా మెనిస్కస్‌ల మీదే పడుతుంది. మొత్తం తీసేస్తే ఎముక పూత మీద ఒత్తిడి రెండు మూడు రెట్లవుతుంది.

అయితే చుట్టకుదురు పోలిక సగం దూరమే వస్తుంది. బరువు పడినప్పుడు గుండ్రటి ఎముక ఈ నెలవంకలను బయటికి తోస్తుంది. అవి ఎందుకు జారిపోవు? వాటిలోని పీచులు వలయంలా చుట్టుకుని ఉంటాయి, ముందు కొస, వెనక కొస రెండూ కాలి ఎముకలోకి పాతుకుని ఉంటాయి. ఎడ్లబండి చక్రం చుట్టూ కమ్మరి ఎర్రగా కాల్చి బిగించే ఇనప పట్టా గుర్తుందా? కర్ర ముక్కలు విచ్చుకోకుండా పట్టుకునేది అదే. ఆ పట్టాకి పొడవునా ఒక చీలిక వచ్చినా కొన్నాళ్ళు బండి నడుస్తుంది. అడ్డంగా ఒక్కచోట తెగితే మాత్రం మిగతా పట్టా ఎంత గట్టిగా ఉన్నా చక్రం విచ్చుకుంటుంది.

మెనిస్కస్ చిరుగుల్లో ఏది ప్రమాదమో, ఏది కాదో ఈ పట్టా చెప్పేస్తుంది. పీచుల వెంట పొడవుగా చీలిన చిరుగు కుట్టడానికి బాగా అనువు. పీచులకు అడ్డంగా తెగిన చిరుగు కుట్టడం కష్టం, వదిలేయడం ఇంకా నష్టం. రెండు పొరలుగా, పుస్తకం తెరిచినట్టు విడిపోయింది ఎక్కువగా వయసు వల్ల. ఇక పొడవు చీలిక బాగా పెద్దదై, లోపలి భాగం బకెట్ పిడిలా లేచి కీలు మధ్యలో ఇరుక్కుంటే, మోకాలు ముడిచింది ముడిచినట్టే ఉండిపోతుంది, చాచనివ్వదు. దాన్ని బకెట్ హ్యాండిల్ టేర్ అనే అంటారు. ఇదొక్కటి ఫిజియోథెరపీతో సర్దుకునేది కాదు. త్వరగా ఆపరేషన్ చేయాలి.

ముందు కుట్టారు, తర్వాత పీకేశారు

1883లో ఎడిన్‌బరోలో థామస్ ఆనన్‌డేల్ అనే సర్జన్ ఒక గని కార్మికుడి మోకాలు తెరిచి, ఊడిపోయిన మెనిస్కస్‌ని కుట్టాడు. నమోదైన వాటిలో మొదటి మెనిస్కస్ మరమ్మతు అదే. అంటే ఈ కథ కుట్టుతోనే మొదలైంది. కానీ 1897లో జాన్ బ్లాండ్-సటన్ అనే ఇంగ్లండ్ సర్జన్ మెనిస్కస్‌లు కాలి కండరాల నుంచి మిగిలిపోయిన, ఏ పనీ లేని అవశేషాలని రాశాడు. అపెండిక్స్‌కు పట్టిన గతే వీటికీ పట్టింది. చిరిగితే మొత్తం పీకేయడం రివాజైంది.

పీకేస్తే నొప్పి పోయేది కూడా. అదే అసలు చిక్కు. పేషెంటు నవ్వుతూ ఇంటికి వెళ్ళేవాడు, సర్జన్ నమ్మకం ఇంకాస్త గట్టిపడేది. మోకాలు అరగడం పదిహేనేళ్ళకో ఇరవయ్యేళ్ళకో బయటపడేది. అప్పటికి ఆ సర్జనూ ఉండడు, పాత ఆపరేషన్ సంగతి ఎవరికీ గుర్తూ ఉండదు. 1936లో డాన్ కింగ్ కుక్కల మీద ప్రయోగాలు చేసి, చిరుగు బయటి అంచుదాకా వస్తే అతుక్కోగలదని, మెనిస్కస్ తీసేస్తే ఎముక పూత దెబ్బతింటుందని చూపించాడు. పట్టించుకున్నవాళ్ళు తక్కువ. 1948లో ఫెయిర్‌బ్యాంక్ మెనిస్కస్ తీయించుకున్నవాళ్ళ ఎక్స్‌రేలు ముందేసుకున్నాడు. కీలు సందు సన్నబడింది, ఎముక అంచున గట్టు లేచింది, తొడ ఎముక గుండ్రం కాస్త చదునైంది. మెనిస్కస్ ఏదో పని చేస్తోందని, అది పోయాక ఆ పని ఎముక మీద పడుతోందని ఆ ఎక్స్‌రేలు చెప్పాయి. అయినా మొత్తం తీసేసే అలవాటు ఇంకో పాతికేళ్ళకు పైగా నడిచింది.

అలవాటు మారడానికి వాదన చాలలేదు, పనిముట్టు కావాల్సి వచ్చింది. 1918లో టోక్యోలో కెంజి టకాగి మూత్రకోశం చూసే గొట్టాన్ని ఒక శవం మోకాలిలోకి దూర్చి చూశాడు. ఆయన శిష్యుడు మసాకి వటనబే 1962లో అలాంటి గొట్టంతోనే, మోకాలు పూర్తిగా తెరవకుండా, చిరిగిన ముక్క మాత్రం కత్తిరించి తీశాడు. 1969లో హిరోషి ఇకెయుచి ఆ పద్ధతిలోనే కుట్టు కూడా వేశాడు. ఇప్పుడు మనం కీహోల్ ఆపరేషన్ అని పిలిచే ఆర్థ్రోస్కోపీ అంతా ఆ ముగ్గురు జపాన్ డాక్టర్ల దారే.

రక్తం ఉన్నంత మేరే కుట్టు

అన్నీ కుట్టేస్తే పోలేదా అంటే, కుట్టు అతికించదు. అంచులు రెండింటినీ దగ్గరగా పట్టుకోవడమే దాని పని. అతికించేది రక్తం. 1982లో ఆర్నోచ్కీ, వారెన్ అనే ఇద్దరు అమెరికా పరిశోధకులు శవాల మోకాళ్ళలో సన్నటి రక్తనాళాలు ఎంత లోతుకు వెళ్తున్నాయో కొలిచారు. పెద్దవాళ్ళలో మెనిస్కస్ బయటి అంచున 10 నుంచి 30 శాతం వెడల్పు వరకే రక్తం అందుతోంది. లోపలి భాగం పూర్తిగా తెలుపు. పుట్టినప్పుడు మెనిస్కస్ అంతటా రక్తనాళాలుంటాయి, పదేళ్ళు వచ్చేసరికి అవి అంచుకు తగ్గిపోతాయి.

సర్జన్లు వాడే ఎరుపు-ఎరుపు, ఎరుపు-తెలుపు, తెలుపు-తెలుపు అన్న మాటలు అక్కడివే. చిరుగుకు రెండు వైపులా రక్తం ఉంటే కుట్టడానికి మంచి చోటు. ఒక వైపే ఉంటే ప్రయత్నించొచ్చు. రెండు వైపులా లేకపోతే ఒకప్పుడు ఆలోచించకుండా కత్తిరించేవారు. ఇప్పుడు పేషెంటు కుర్రవాడైతే అక్కడా కుట్టి చూసేవాళ్ళు పెరుగుతున్నారు. వయసుకు గట్టి హద్దంటూ లేదు. నలభై అయిదేళ్ళ మనిషికి నిన్న పడిన శుభ్రమైన చిరుగు, పాతికేళ్ళవాడికి ఏడాదిగా నలిగి పీచు పీచైన చిరుగు కన్నా నయం.

ఇందులో ఒక తమాషా ఉంది. మోకాలి మధ్యలో రెండెముకలను కట్టి ఉంచే ఏసీఎల్ లిగమెంట్ కూడా తెగి, దాన్ని పునర్నిర్మిస్తూ పనిలో పనిగా మెనిస్కస్ కుడితే, ఒంటరిగా కుట్టిన దానికంటే బాగా అతుక్కుంటుంది. రెండు గాయాలున్న మోకాలు ఒక గాయమున్న దానికంటే బాగా మానడం వింతే. లిగమెంట్ కోసం ఎముకలో రంధ్రాలు వేసినప్పుడు మూలుగలోంచి కారే రక్తం కీలంతా నిండి చిరుగును తడపడం ఇందుకు ఒక కారణమని సర్జన్లు నమ్ముతారు. అందుకే లిగమెంట్ బాగున్నవాళ్ళకు కూడా కొందరు కావాలని ఎముకకు చిన్న రంధ్రాలు పెట్టి రక్తం కార్పిస్తారు.

థియేటర్‌లో

మామూలుగా నడుము కింద మత్తిస్తారు. మోకాలి చిప్ప కింద అటూ ఇటూ రెండు చిన్న గాట్లు పెడతారు. ఒకదాంట్లోంచి 4 మిల్లీమీటర్ల లావు కెమెరా గొట్టం, రెండోదాంట్లోంచి పనిముట్లు. కీలులోకి సెలైన్ పంపి ఉబ్బిస్తారు, లేకపోతే చూడ్డానికి చోటుండదు. కొక్కెం లాంటి చిన్న కడ్డీతో మెనిస్కస్ అంచును ఎత్తి, లాగి, ఎంత చిరిగిందో, ఎంత కదులుతోందో పరీక్షిస్తారు.

కుట్టడానికి ముందు చిరుగు అంచులను ఆకురాయి లాంటి పనిముట్టుతో గీకుతారు. మానిపోయి నున్నబడిన అంచు అతుక్కోదు, పచ్చి గాయమైతేనే అతుకుతుంది. తర్వాత కుట్టు. దీనికి మూడు దారులున్నాయి: లోపలి నుంచి పొడవాటి సూదులు గుచ్చి బయట చర్మం కింద ముడి వేయడం, బయటి నుంచి సూది లోపలికి పంపడం, అంతా లోపలే ముగించడం. మొదటిది పాతది, నమ్మకమైనది, కానీ పక్కన ఇంకో గాటు పెట్టి నరాలను పక్కకు తప్పించాలి. మూడోదానికి ముందే దారం ఎక్కించిన చిన్న పరికరాలు దొరుకుతాయి. పని త్వరగా అవుతుంది, బిల్లు పెరుగుతుంది. మోకాలి వెనకే కాలికి రక్తం తీసుకెళ్ళే పెద్ద ధమని ఉంటుంది కాబట్టి సూది ఎంత లోతుకు వెళ్ళాలో పరికరం మీదే ముందుగా సెట్ చేసుకుంటారు.

కత్తిరించడమైతే అరగంట పని. చిరిగిన పెచ్చును చిన్న కత్తెర లాంటి దాంతో కొరికి, అంచును నున్నగా చేస్తారు. ఇప్పటి సర్జన్ పాతకాలం వాళ్ళలా మొత్తం తీయడు, తప్పనిసరైనంతే తీస్తాడు.

కుట్టిన వాటిలో అన్నీ నిలబడవు. ఐదేళ్ళు దాటాక లెక్క తీస్తే దాదాపు నాలుగింట ఒకటి విఫలమైనట్టు పరిశోధనలు చెప్తున్నాయి. నాలుగింట మూడు నిలిచాయని కూడా చదువుకోవచ్చు. ఇరవై రెండేళ్ళ కబడ్డీ ఆటగాడికి మెనిస్కస్ మిగలడం విలువేమిటో ఆలోచిస్తే నాకైతే ఇది మంచి బేరమే అనిపిస్తుంది. విఫలమైనా తర్వాత కత్తిరించొచ్చు. కత్తిరించాక కుట్టడానికి ఏమీ ఉండదు.

నేల మీద బతికే మోకాళ్ళు

ఆపరేషన్ తర్వాత చేతికిచ్చే ఫిజియోథెరపీ కాగితాలు చాలావరకు కుర్చీ, మంచం, కమోడ్ ఉన్న ఇళ్ళను చూసి రాసినవి. మన జీవితం సగం నేల మీదే. మోకాలు 90 డిగ్రీలు దాటి ముడిస్తే మెనిస్కస్ వెనక భాగం మీద ఒత్తిడి బాగా పెరుగుతుంది, చిరుగులు ఎక్కువగా పడేదీ, కుట్లు ఎక్కువగా పడేదీ అక్కడే. అందుకే కుట్టు వేశాక మొదటి 4 నుంచి 6 వారాలు మోకాలు 90 డిగ్రీలు దాటి ముడవనివ్వరు, బ్రేస్ పెడతారు. చిరుగు రకాన్ని బట్టి కాలి మీద ఎంత బరువు మోపాలో చెప్తారు. గొంతుక్కూర్చోవడం నాలుగైదు నెలలు బంద్. ఆటలు ఆరు నెలల తర్వాతే.

అంటే ఇండియన్ టాయిలెట్ ఉన్న ఇంట్లో ఆపరేషన్‌కి ముందే కమోడ్ కుర్చీ ఒకటి తెచ్చి పెట్టుకోవాలి. పీట మీద భోజనం, బాసింపట్టు వేసుకుని పూజ, మోకాళ్ళ మీద నమాజు, అన్నిటికీ కుర్చీ. నొప్పి లేదు కదా అని రెండో నెలలో ఒకసారి కింద కూర్చుంటే కుట్టు తెగడానికి అది చాలు. రెండో నెలకు నొప్పి నిజంగానే ఉండదు, లోపల అతుకు మాత్రం ఇంకా పచ్చిగానే ఉంటుంది.

కత్తిరించినవాళ్ళకు ఈ బాధలేవీ లేవు. మర్నాడే నడక, కొన్ని వారాల్లో మామూలు పనులు.

ఇదే నేల జీవితం ఇంకో చిరుగును తెస్తుంది, మన దగ్గర దీన్ని గుర్తించకుండా వదిలేసే ప్రమాదం ఎక్కువ కాబట్టి కాస్త ఆగుతాను. యాభై దాటిన ఆవిడ కలుపు తీస్తూనో, పీట మీద నుంచి లేస్తూనో ఉన్నట్టుండి మోకాలి వెనక టప్‌మన్నట్టు అనిపించి కూలబడుతుంది. పడలేదు, దెబ్బ తగల్లేదు. ఎక్స్‌రే తీస్తే వయసుకు తగ్గ అరుగుదలే కనిపిస్తుంది. మందులిచ్చి పంపేస్తారు. అక్కడ తెగింది లోపలి మెనిస్కస్ వెనక వేరు, అంటే కాలి ఎముకలోకి పాతుకున్న వెనక కొస, కావచ్చు. ఆసియా దేశాల్లో నేల మీద కూర్చునే నడివయసు ఆడవాళ్ళలో ఇది ఎక్కువగా చూస్తారు. బండి పట్టా తెగిన లెక్క ఇదే: మెనిస్కస్ అంతా చెక్కుచెదరకుండా ఉంటుంది, ఒక్క కొస ఊడిపోవడంతో అది కీలు బయటికి జారిపోతుంది. వెనక వేరు తెగితే ఎముక మీద పడే ఒత్తిడి, మెనిస్కస్ మొత్తం తీసేసినప్పటి ఒత్తిడితో సమానమని 2008లో వచ్చిన ఒక ప్రయోగశాల అధ్యయనం తేల్చింది. ఎముక పూత ఇంకా బాగుండి, కాలు మరీ దొడ్డిగా వంగిపోకుండా ఉంటే, కాలి ఎముకలో సన్నటి సొరంగం తొలిచి, ఊడిన కొసను దారాలతో దాంట్లోంచి లాగి ముందు వైపు బిగిస్తారు. ఆరు వారాలు కాలు మీద బరువు మోపకూడదు. పూత అప్పటికే అరిగిపోయి ఉంటే ఈ కుట్టు వల్ల పెద్దగా ఒరిగేది ఉండదు.

ఏమీ చేయకపోవడం కూడా వైద్యమే

వేరు తెగినవాళ్ళని పక్కన పెడితే, నలభై అయిదు దాటాక కనిపించే చిరుగుల్లో ఎక్కువ భాగం దెబ్బ వల్ల వచ్చినవి కావు. పాత చీర మడతల దగ్గర చిరిగినట్టు మెల్లగా వచ్చినవి. వీటిని కత్తిరించడం కొన్ని దశాబ్దాల పాటు ప్రపంచంలో బాగా ఎక్కువగా జరిగిన ఎముకల ఆపరేషన్లలో ఒకటి.

ఫిన్లండ్ డాక్టర్లు దీన్ని ఒక పరీక్షకు పెట్టారు. 35 నుంచి 65 ఏళ్ళ మధ్య వయసున్న 146 మందిని తీసుకున్నారు. అందరి మోకాళ్ళలోకీ కెమెరా పంపి చూశారు. తర్వాత కొందరికి నిజంగా చిరుగు కత్తిరించారు. మిగతావాళ్ళకి నటించారు. సర్జన్ పనిముట్లు అడుగుతాడు, కాలు అటూ ఇటూ తిప్పుతాడు, బ్లేడు లేని మెషిన్‌ని మోకాలి చిప్పకు ఆనించి శబ్దం చేస్తాడు, లోపల మాత్రం ఏమీ చేయడు. ఏడాది తర్వాత రెండు గుంపుల నొప్పిలో, నడకలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. 2013లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఇది వచ్చాక పెద్ద గొడవే అయింది. అదే ఏడాది అదే పత్రికలో అమెరికా నుంచి 351 మందితో ఇంకో అధ్యయనం వచ్చింది. ఆరు నెలల తర్వాత ఆపరేషన్ చేయించుకున్న గుంపు, ఫిజియోథెరపీతో మొదలుపెట్టిన గుంపు ఒకే స్థాయిలో ఉన్నాయి. ఫిజియోథెరపీ వాళ్ళలో దాదాపు 30 శాతం మంది ఆగలేక ఆ లోపే ఆపరేషన్ చేయించుకున్నారు, అదీ చెప్పాలి. అంటే మిగతా 70 శాతం మందికి కత్తి అవసరం పడలేదు.

ఎమ్మారై రిపోర్టు ఇక్కడ ఎక్కువ టెన్షన్ పెడుతుంది. అందులో గ్రేడ్ 1, గ్రేడ్ 2 అని ఉంటే అది చిరుగు కాదు, లోపల రంగు మారిందంతే. మచ్చ పైతలం దాకా వస్తేనే గ్రేడ్ 3, చిరుగు. ఆ గ్రేడ్ 3 ఉన్నా నొప్పి దానివల్లే అని తీర్మానించలేం. అమెరికాలోని ఫ్రామింగ్‌హామ్‌లో 50 దాటిన 991 మంది మోకాళ్ళను స్కాన్ చేసి 2008లో ఫలితాలు ప్రచురించారు. చిరుగు కనిపించినవాళ్ళలో 61 శాతం మందికి అంతకు ముందు నెలలో ఆ మోకాలిలో నొప్పి, పట్టేయడం లాంటివేవీ లేవు. వయసు మీద మెనిస్కస్ చిరుగు అంటే కొంతవరకు తల నెరవడం లాంటిదే. తొడ కండ గట్టిపడేలా మూడు నెలలు శ్రద్ధగా వ్యాయామం చేసి, బరువు కాస్త తగ్గించి, అప్పటికీ లొంగకపోతే సర్జన్ దగ్గరకు వెళ్ళడం సబబైన వరస. మోకాలు ఇరుక్కుపోయినవాళ్ళకు, కొత్తగా దెబ్బ తిన్న కుర్రవాళ్ళకు ఈ వరస వర్తించదు.

పూత ఊడితే

1743లో లండన్‌లో విలియం హంటర్ అనే శరీర శాస్త్రజ్ఞుడు రాయల్ సొసైటీకి రాసిన పత్రంలో, పుండుపడిన కీలు మృదులాస్థి మహా మొండిదని, ఒకసారి పోతే మళ్ళీ రాదని అన్నాడు. దాదాపు మూడు వందల ఏళ్ళవుతోంది, ఆ మాటను పూర్తిగా తప్పని నిరూపించినవాళ్ళు లేరు.

ప్రయత్నాలు లేక కాదు. 1980లలో రిచర్డ్ స్టెడ్‌మన్ అనే అమెరికా సర్జన్, పూత ఊడిన చోట ఎముకకు మూడు నాలుగు మిల్లీమీటర్ల ఎడంలో చిన్న చిల్లులు పెట్టి, మూలుగ రక్తం పైకి ఉబికి గడ్డకట్టేలా చేశాడు. మైక్రోఫ్రాక్చర్ అంటారు. అక్కడ కొత్త పూత వస్తుంది గానీ అది అసలు సరుకు కాదు, మచ్చ లాంటి పీచు పూత, కొన్నేళ్ళకు అరిగిపోతుంది. హంగరీలో లాస్లో హంగొడి 1990లలో బరువు పడని చోట నుంచి పూతతో సహా చిన్న ఎముక బిరడాలు తీసి, ఊడిన చోట మొజాయిక్ గచ్చులా పేర్చాడు. ఉన్న ఇంట్లోనే ఒక గదిలోని బండలు పీకి ఇంకో గదిలో పరచడం లాంటిది కాబట్టి చిన్న గుంతలకే పనికొస్తుంది. స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్ డాక్టర్లు పేషెంటు సొంత పూత కణాలను కొంచెం తీసి, ల్యాబ్‌లో కొన్ని వారాలు పెంచి, రెండో ఆపరేషన్‌లో నాటారు. 1994లో వాళ్ళు 23 మంది ఫలితాలు ప్రచురించాక ఆ పద్ధతి లోకమంతా పాకింది. ఇప్పుడు మన దేశంలోనూ చేస్తున్నారు. ఖర్చు ఎక్కువ, కోలుకోవడం ఏడాది పని.

ఇవన్నీ చుట్టూ మంచి పూత ఉండి, మధ్యలో ఒక గుంత పడిన మోకాలికే. రోడ్డు మీద గుంత పూడ్చడానికి, రోడ్డే కొట్టుకుపోవడానికి ఉన్న తేడా ఇది. అరవయ్యేళ్ళ వయసులో మొత్తం అరిగిన మోకాలికి కణాలు నాటుతామని ఎవరైనా అంటే అనుమానించాల్సిందే. "గుజ్జు ఇంజెక్షన్" కూడా ఈ కోవలోదే. అది కీలు నీటికి జిగట ఇస్తుంది, కొందరికి కొన్నాళ్ళు నొప్పి తగ్గొచ్చు, పూతను మాత్రం మొలిపించదు.

ఆపరేషన్ ముందు రోజు సంతకం పెట్టే కాగితంలో చాలాసార్లు "పార్షియల్ మెనిసెక్టమీ లేదా రిపేర్", అంటే కొంత కత్తిరించడం లేదా కుట్టడం, అని రెండూ కలిపి రాసి ఉంటుంది. మోసమేమీ లేదు, ఏది చేయాలో లోపల చూశాకే తేలుతుంది. కానీ "కుట్టడానికి వీలైతే కుడతారా? కుట్టే సామాను రేపు థియేటర్‌లో ఉంటుందా? మీరు నెలకు ఎన్ని కుడతారు?" అన్న మూడు ప్రశ్నలు అడగాల్సింది ఆ కాగితం మీద సంతకం పెట్టక ముందే. నడుము కింద మత్తు కాబట్టి మర్నాడు పేషెంటుకి మెలకువగానే ఉంటుంది, అడిగితే కొందరు సర్జన్లు తెర ఇటు తిప్పుతారు. కొక్కెం చిరుగు అంచును ఎత్తినప్పుడు, దాని వెనక ఎర్రటి సన్న నాళాలు కనిపిస్తున్నాయో, తెల్లగా పాలిపోయి ఉందో సర్జన్‌తో పాటు మీరూ చూడొచ్చు.